హ్యూము దొర పక్షి దఫ్తరము

కాంగ్రెసు మహాసభ చరిత్రము నెరిగిన వారెల్లరును అల్లన్ ఆక్టేవియన్ హ్యూము పేరు నెరుగుదురు. 1885 డిసెంబరు 28వ తేదీన బొంబాయి నగరమున గోకులదాసు తేజపాల్ సంస్కృత కళాశాలలో 72 మంది ప్రతినిధులు సమావేశమైనప్పుడు, వారిని ఒకచోటికి చేర్చుటకై కాలికి బలపము కట్టుకొని తిరిగినవాడు ఈయనయే. చిత్తూరు ప్రాంతమున జన్మించిన పనప్పాకము ఆనందాచార్యులవారును ఆ సభలో నుండిరి. ఇది యెల్ల మన పాఠకులకు తెలిసినదే. అయితే రాజకీయములలోనికి దిగుటకు పూర్వము ఇరువది యేండ్లకు పైగా హ్యూము మనస్సును పట్టి యుంచిన వ్యాసంగము వేరొకటి కలదు. హిందూదేశమున ఏ పక్షి యెచ్చట నున్నది, ఏ మాసమున వచ్చును, ఏ మాసమున పోవును, ఎచ్చట గూడు కట్టును అను విషయములను పద్ధతి ప్రకారము వ్రాసి యుంచుటయే ఆ వ్యాసంగము. చరిత్రకారులు దీనిని ఒక దొరవారి వినోదముగా భావించి ఒకటి రెండు వాక్యములతో ముగింతురు. మాకు మాత్రము ఈ వినోదమే నేటి దినమున ఎక్కువ విచారింపదగినదిగా తోచుచున్నది.

హ్యూము 1829వ సంవత్సరము జూన్ మాసమున ఇంగ్లండులో జన్మించెను. తండ్రి జోసెఫ్ హ్యూము పార్లమెంటులో ప్రభుత్వవ్యయము నంతయు పైసలతో సహా లెక్కలడిగిన సంస్కరణవాది. ఆ లెక్కల పట్టుదల కుమారునకు సంక్రమించినదని చెప్పవచ్చును. హెయిలీబరీలోని కుంపిణీ కళాశాలలో చదివి, వైద్యశాస్త్రమును కొంత అభ్యసించి, 1849లో వంగదేశపు సివిలు ఉద్యోగమున ప్రవేశించెను. ఇటావా జిల్లాలో ఉచిత పాఠశాలలు పెట్టించెను. సారా మీది రాబడిని పాపపు సొమ్మని నిందించెను. 1857 నాటి విప్లవములో ఆంగ్లేయుల పక్షమున యుద్ధము చేసినవాడే యైనను, తరువాత పగదీర్చుకొనుటలో ఇతరులవలె క్రూరుడు కాలేదని ప్రసిద్ధి. ఆ కల్లోలములోనే ఆయన అప్పటివరకు కూర్చిన పక్షుల సేకరణము నాశనమైపోయెను. మరల మొదటినుండి ప్రారంభించెను.

1867లో ఆయనకు సుంకపు శాఖాధికారి పదవి లభించెను. ఉప్పు మీది పన్నును ఎగవేయకుండుటకై ఆంగ్ల ప్రభుత్వము దేశమునకు అడ్డముగా రమారమి 2,500 మైళ్ల పొడవున ఒక కావలి గీత నేర్పరచి, దానిలో చాల భాగమున ముండ్ల కంపయు, ముండ్ల చెట్లును పెంచి గోడవలె నిలిపెను. పేదవాని గంజిలోని ఉప్పునకు కావలి కాయు ఆ ముండ్ల గోడను పటిష్ఠము చేసినవారిలో కాంగ్రెసు జనకుడును ఒకడని వినుటకు మనకు ఇంపుగా నుండదు. కాని దాచి ప్రయోజనము లేదు. ఆ ఉద్యోగధర్మముగా ఆయన గుఱ్ఱముమీదను, ఒంటెమీదను రాజపుత్రస్థానపు ఎడారులలోను, సాంబారు సరస్సు తీరమునను సంచరింపవలసి వచ్చెను. పక్షి పరిశీలనమునకు అంతకంటె మంచి యవకాశము మరియొకటి దొరకదు. ప్రభుత్వము ఉప్పు కొరకు జీతమిచ్చినది. ఆయన పనిలో పనిగా పిట్టల లెక్కయు వ్రాసికొనెను.

ఆ కాలమున మన దేశపు పక్షులను గూర్చిన ప్రామాణిక గ్రంథము థామస్ జెర్డను అను సైనిక వైద్యుడు 1862-64 సంవత్సరములలో ప్రకటించినది. జెర్డను నెల్లూరులో వైద్యాధికారిగా నుండెను. ఆయన గ్రంథములో పక్షులకు తెలుగు పేర్లును కనబడును. పెన్నా లోయలో దొరకిన కలివికోడికి ఆంగ్లములో ఆయన పేరే నిలిచి యున్నది. హ్యూము 1869లో ప్రకటించిన తన మొదటి పక్షి గ్రంథమును జెర్డనునకును, కలకత్తా వస్తుప్రదర్శనశాలలో పనిచేసిన ఎడ్వర్డు బ్లైతునకును అంకితము చేసెను. అయితే జెర్డను ఒంటరిగా చేసిన పనిని ఒక సంఘము చేయవలసిన పనిగా మార్చినవాడు హ్యూము.

ఇచ్చట కొంచెము నిలిచి చూడవలసి యున్నది. ఒక మనుష్యుడు ఎంత శ్రమపడినను, హిమాలయములనుండి సింహళము వరకు, సింధునుండి తెనాసరిము వరకు, పండ్రెండు మాసములును తానే చూడలేడు. కావున దేశమంతట చెదరియున్న సైనికోద్యోగులను, అటవీ శాఖవారిని, తోటల యజమానులను, ఇంజనీరులను, భూగర్భశాస్త్రజ్ఞులను హ్యూము ఉత్తరములతో వేధింప నారంభించెను. నీలగిరులలో కోటగిరి యందు నివసించిన మార్గరెట్ కాక్‌బర్ను అను స్త్రీయు ఆయనకు గూళ్లను గూర్చియు గ్రుడ్లను గూర్చియు వ్రాసి పంపెడిది. ఎట్లు వ్రాయవలయునో తెలుపుటకు 1874లో ఒక చిన్న కరదీపికను అచ్చువేయించెను. పక్షి చేతికి వచ్చిన వెంటనే, చర్మము నొలువక మునుపే, కొలతలు తీయవలయును. కంటి రంగు, ముక్కు రంగు, కాళ్ల రంగు చచ్చిన కొలది గంటలలో మారిపోవును గాన అప్పుడే వ్రాయవలయును. మగదియో ఆడదియో కోసి చూచి నిర్ణయింపవలయును. స్థలమును, తేదీని చీటీపై వ్రాసి కాలికి కట్టవలయును. స్థలమును తేదీయును లేని పక్షి చర్మము ఎంత అందమైనదైనను శాస్త్రమునకు పనికిరాదు.

భూవసతి గల మన పాఠకులకు దీని మర్మము చెప్పకయే బోధపడగలదు. కరణము వ్రాసిన అడంగలును ఒక్క యేటిది చూచిన నేమియు తేలదు. ఇరువది ఫసలీల అడంగళ్లను వరుసగా పరచినప్పుడు గదా ఏ చెరువు క్రింద నీరు తగ్గినదో, ఏ మెట్ట బీడు పడినదో బయటపడుట! మధ్యలో నాలుగేండ్ల లెక్క పోయినచో వాదములకును, వ్యాజ్యములకును తావేర్పడును. పక్షుల విషయమును అంతియే. తాతల కాలమున పొలములలో ఇన్ని పిట్టలుండెడివి, ఇప్పుడు లేవు అని ముసలివారనుట ఆనవాయితీ. అది నిజమో, ముసలితనపు దిగులో తేల్చుటకు ఆనాడు వ్రాసిన కాగితము కావలయును.

1872లో హ్యూము ఒక పత్రికను స్థాపించెను. రాలిన ఈకలు అని దాని పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. కలకత్తాలో అచ్చయిన ఈ పత్రిక 1888 వరకు నడిచినది. తన ఉత్తరదాతలు పంపిన సమాచారమును తన పెట్టెలో భద్రపరచుకొనక, చూచినవారి పేరుతోను, స్థలముతోను, కాలముతోను ఆయన అందు ప్రకటించుచుండెను. తనను తప్పుపట్టిన లేఖలను గూడ అచ్చువేసెను. వాటికి కటువైన సమాధానములును వ్రాసెను. మితభాషి కాడు. పక్షి శాస్త్రమునకు పోపు అని పరిహాసముగా పిలిపించుకొన్నవాడు. అయినను ఆ పోపు తన మఠపు తలుపులు మూసికొనలేదు. ఏ మూలనున్న పోస్టుమాస్టరైనను రూఢిగా చూచినది వ్రాసినచో దానికి ఆ పత్రికలో చోటుండెను.

ఈ సమయముననే ఆయన రాజధానిలో ఉన్నత పదవికి వచ్చెను. 1871లో లార్డు మేయో స్థాపించిన రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖకు హ్యూము కార్యదర్శి యయ్యెను. వర్షపాతమును, ఉష్ణమును దేశమంతట నొకే పద్ధతిని కొలిచి వ్రాయు వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది ఈ శాఖ క్రిందనే. మన నేల యెరువు లేక నిస్సారమగుచున్నదనియు, పేడను వంటచెరకుగా తగులబెట్టుట మానుటకు ప్రతి గ్రామమునకును కట్టెల తోపు కావలయుననియు 1879లో ఒక గ్రంథము వ్రాసెను. ఆ సంవత్సరమే లిట్టను ప్రభువు ఆయనను కార్యదర్శి పదవినుండి తొలగించి అలహాబాదునకు పంపివైచెను. ముక్కుసూటిగా మాట్లాడుటయే ఆయన చేసిన నేరము. 1882లో ఉద్యోగము విరమించెను.

సిమ్లాలో జాకో కొండమీద ఆయనకు రాత్నీ కాసిల్ అను భవనముండెను. అందులో పక్షి చర్మములను, గ్రుడ్లను, గూళ్లను క్రమముగా అమర్చిన ప్రదర్శనశాల యుండెను. దాని సంరక్షకుడుగా డేవిసన్ అను నతనిని జీతమిచ్చి నియమించుకొని, తెనాసరిము వంటి దూరప్రాంతములకును పంపెను. తాను స్వయముగా 1873లో అండమాను నికోబారు దీవులకును, 1875లో లక్షదీవులకును, 1881లో మణిపురమునకును పోయి వచ్చెను. ఈ యంత్రాంగమంతటిలో వేటకాండ్రు, చర్మమొలుచు పనివాండ్రు, మోతగాండ్రు, దారి చూపిన అడవిజాతులవారు ఎందరు పనిచేసిరో ఊహించుకొనవలసినదే. వారి పేర్లు చాలవరకు ఏ చీటీమీదను లేవు. ఒక్క సేవకుడు మాత్రము చరిత్రములోనికి ఎక్కినాడు, అదియు అపకీర్తితో.

ఆ కథ యిది. హిందూదేశపు పక్షుల నన్నిటిని గూర్చి బృహద్గ్రంథమొకటి వ్రాయవలెనని హ్యూము సంకల్పించి, ఇరువది యేండ్లకు పైగా కూర్చిన వ్రాతప్రతులను కట్టలు కట్టి సిమ్లాలో నుంచెను. 1880 తరువాతి సంవత్సరములలో నొక శీతకాలమున మైదానములకు దిగిపోయి మరల కొండ నెక్కి వచ్చునప్పటికి ఆ కట్టలు లేవు. ఇంటి పనివాడొకడు వాటిని చిత్తుకాగితములక్రింద బజారులో తూకమునకు అమ్మివైచినాడు. జీవితకాలపు కృషి పచారీ కొట్లలో పొట్లములైపోయెను. హ్యూము మనస్సు విరిగిపోయినది. ఆ గ్రంథమును మరల మొదలుపెట్టలేదు.

మేము పనివానిని వెనుకవేసికొని రాము. అయితే మాకు తోచునదొకటి కలదు. ఒక దేశపు సమాచారమంతయు ఒక్క మనుష్యుని యింట, ఒక్క ప్రతిగా నుండినచో, అది దొంగకు కాకున్నను చెదలునకైనను చిక్కును. హ్యూము దాచుకొన్నది పోయినది. ఆయన పత్రికలో నచ్చువేసి పంచిపెట్టినది మిగిలినది. మిగిలిన కొన్ని కాగితములను యూజిన్ ఓట్సు అను మిత్రున కప్పగింపగా, ఆయన 1889-90లో గూళ్లు గ్రుడ్ల గ్రంథమును మూడు సంపుటములుగా ప్రకటించెను.

అప్పటికే హ్యూము దివ్యజ్ఞాన సమాజపు ప్రభావమున మాంసము మాని, తుపాకిని వదలిపెట్టి యుండెను. 1883 మార్చి 1వ తేదీన కలకత్తా విశ్వవిద్యాలయపు పట్టభద్రులకు బహిరంగలేఖ వ్రాసినవాడు, ఇక పక్షులకు కేటాయించుటకు తీరిక లేనివాడై, తన సేకరణము నంతయు లండను బ్రిటిషు మ్యూజియమునకు ఉచితముగా దానమిచ్చెను. 1885లో రిచర్డు బౌడ్లరు షార్పు అను శాస్త్రజ్ఞుడు దానిని తీసికొనిపోవుటకై సిమ్లాకు వచ్చెను. పురుగు పట్టిన వేల కొలది చర్మములను మునుపే పారవేయవలసి వచ్చినను, మిగిలినవి 82,000. వాటిలో పక్షి చర్మములు 63,000, గ్రుడ్లు 18,500. దేవదారు చెక్కతో చేసిన 47 పెట్టెలలో నవి కొండ దిగి, సముద్రము దాటిపోయినవి. బొంబాయి సభ జరిగినదియు ఆ సంవత్సరాంతముననే. ఒక చేతితో మనకొక మహాసభ నిచ్చి, రెండవ చేతితో మన పక్షులను దాటించెనని యెవరైన నాక్షేపించినచో మేము తప్పనజాలము. అయితే ఆనాడు మన దేశమున వాటికి రక్షణము దొరకి యుండునా యను ప్రశ్నకు పురుగుపట్టిన ఆ వేల చర్మములే పాక్షికముగా సమాధానము చెప్పుచున్నవి.

దాని ఫలము చూడుడు. 1867లో సట్లెజ్ నదీలోయ యందు హ్యూము ఒక చిన్న రెల్లుపిట్టను పట్టెను. 1869లో దానిని క్రొత్త జాతిగా వర్ణించెను. లోకమున అట్టి పక్షి మరియొకటి దొరకలేదు. ఆ ఒక్క చర్మమే సాక్ష్యము. అది వేరొక జాతిలోని వింత పిట్టయే గాని ప్రత్యేక జాతి కాదని కొందరనిరి. 2002లో ఆ చర్మమునుండి తీసిన అణుమాత్రపు భాగమును రసాయనికముగా పరీక్షించి, ప్రత్యేక జాతియేయని తేల్చిరి. 2006లో థాయిలాండులో నొక పరిశీలకుడు వలలో చిక్కిన పిట్టను చూచి సందేహించి, దాని యీకలను పరీక్షింపజేయగా హ్యూము పిట్టతో సరిపోయినది. నడుమ గడచినవి 139 ఏండ్లు! 2009 నాటికి ఆఫ్గనిస్తానము బదక్షానులో అవి గూళ్లు కట్టుచోటును కనుగొనిరి.

రెండవది ఇంకను విచిత్రము. 1872లో నేటి ఛత్తీసుగఢు ప్రాంతమున బ్లూవిట్ అను నుద్యోగి సంపాదించిన చిన్న గుడ్లగూబను హ్యూము 1873లో తన పత్రికలో వర్ణించి, అతని పేరే దానికి పెట్టెను. 1884 తరువాత దాని జాడ లేదు. అయితే రిచర్డు మైనర్ట్‌జాగెన్ అను సైనికోద్యోగి 1914లో గుజరాతునందు మాండ్వీ వద్ద తానొకదానిని సంపాదించితినని చీటీ కట్టిన చర్మము లండనులో నుండెను. అన్వేషకులు ఆ చోటును నమ్మి తిరిగి వట్టిచేతులతో వచ్చిరి. పమేలా రాస్‌ముస్సెన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు ఆ చర్మమును పరిశీలించి, అది 1884లో జేమ్సు డేవిడ్‌సన్ సంపాదించినదేననియు, మైనర్ట్‌జాగెన్ దానిని మ్యూజియమునుండి దొంగిలించి, కుట్లు విప్పి మరల కుట్టి, తన చీటీ తగిలించెననియు బయటపెట్టెను. అబద్ధపు చీటీని ప్రక్కకు తీసివైచి, నిజమైన చీటీలు చూపిన అడవులలో వెదకగా, 1997 నవంబరులో మహారాష్ట్రమున షహాదా ప్రాంతమున ఆ గుడ్లగూబ చెట్టుకొమ్మపై పగటిపూటనే కూర్చుండి కనబడినది. పచారీకొట్టునకు కాగితములమ్మిన పనివాడు గొప్ప నష్టమే చేసినాడు. కాని చదువుకొన్న దొరవారు చేసిన నష్టము అంతకంటె లోతైనది. పోయిన లెక్క పోయినదని తెలియును. దొంగ లెక్క నిజమని నమ్ముదుము.

ఎవ్వరును లెక్క వ్రాయనిచో నేమగునో రాబందులు చెప్పుచున్నవి. భరతపురము కేవలదేవ వనమున 1980 తరువాతి దశాబ్దములో రాబందుల గూళ్లను లెక్కించి యుంచిరి గనుక, 1990 తరువాతి దశాబ్దములో అవి కూలిపోవుచున్నవని గుర్తింపగలిగిరి. పశువులకిచ్చు డైక్లోఫినాక్ అను నొప్పిమందు, ఆ కళేబరములను తిన్న రాబందులకు విషమగుచున్నదని 2004లో తేలినది. 2006లో మన ప్రభుత్వము ఆ పశువైద్యపు మందును నిషేధించినది. కాని 1992కును 2007కును నడుమ తెల్లవీపు రాబందు 1,000కి ఒకటి చొప్పున మాత్రమే మిగిలినది. భరతపురమున ఆ పాత లెక్క లేకున్నచో ఇంకెన్ని యేండ్లు ఏమరి యుందుమో!

తెలుగునేలపైన ఇట్టి లెక్కలు అరుదు. నిజామురాజ్యపు పక్షులను 1931-32లో సలీం అలీ పరిశీలించి వ్రాసినది మనకు గల ముఖ్యమైన పూర్వసాక్ష్యము. కలివికోడి 1900లో అనంతపురము వద్ద కనబడిన పిమ్మట అంతరించెననియే అందరును తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు శాస్త్రజ్ఞుడు భరతభూషణుడు దానిని మరల కనుగొనుటకు తోడ్పడినది పిట్టలు పట్టు స్థానికుడే. ఎనుబదియారేండ్లు శాస్త్రజ్ఞుల కాగితములపై లేని పక్షి, పొలము గట్టున తిరుగువాని యెరుకలో నుండెనన్నమాట. ఆ యెరుకను సకాలమున వ్రాసికొన్నవారు లేరు.

నేడు హ్యూము పద్ధతి వేరు రూపమున సాగుచున్నది. తుపాకి పోయి దుర్భిణి వచ్చినది. ఉత్తరములకు బదులు అంతర్జాలమున ఎవ్వరైనను తాము చూచిన పక్షిని, స్థలమును, వేళను నమోదు చేయుచున్నారు. 30,000 మందికి పైగా పరిశీలకులు వ్రాసిన 3 కోట్ల నమోదుల నాధారముగా జేసికొని 2023లో దేశీయ సంస్థలు కలిసి ఒక నివేదిక ప్రకటించినవి. దీర్ఘకాలపు పోకడ తెలిసిన 338 జాతులలో నూటికి 60 తగ్గినవని అది చెప్పుచున్నది. 2001లో స్థాపితమైన అంతర్జాతీయ జీవవైవిధ్య సమాచార సంస్థ ద్వారా దేశదేశముల మ్యూజియముల చీటీలను గూడ ఖర్చు లేకుండ చూడవచ్చును. సముద్రము దాటిపోయిన వస్తువులు తిరిగి రాకపోయినను, వాటి లెక్కయైన మనకు దక్కవలయుననుట న్యాయము. మన దేశమున సర్కారు సొమ్ముతో చేసిన సర్వేలు కచేరీ బీరువాలలో ముక్కిపోవుటయు అంతే అన్యాయము. దొరల మ్యూజియము నడిగినంత గట్టిగా మన కచేరీల నడుగుట మనకింకను అలవాటు కాలేదు.

హ్యూము 1894లో హిందూదేశమును విడిచి లండనులో స్థిరపడెను. కాంగ్రెసునకు ఆ తరువాతను చాలకాలము కార్యదర్శిగా నుండెను. పక్షులను మరల ముట్టలేదు. డెబ్బది యేండ్లు దాటిన వయస్సున వృక్షశాస్త్ర మారంభించి, ఇంగ్లండులోని పొలము గట్లమీదను, రైలుకట్టలమీదను మొలచు మొక్కలను ఏరి, కాగితములపై అతికి, చీటీలు వ్రాయుటకు పూనుకొనెను. 1910లో తన ధనముతో దక్షిణ లండనులో సామాన్య జనులకు వృక్షశాస్త్రము నేర్పుటకై ఒక సంస్థను స్థాపించెను. 1912 జూలై 31వ తేదీన 83వ యేట మరణించెను. నార్వుడు రోడ్డులోని ఆ యింట ఆ సంస్థ నేటికిని నడచుచున్నది. ఆయన ఎండబెట్టి అతికిన మొక్కలు, స్థలమును తేదీయును వ్రాసిన చీటీలతో, అచ్చటి బీరువాలలో నున్నవి.